ఆవిడ చెప్పిన గాదె చెట్టు కోసం గోదావరి దాటాను

ఈ ప్రయాణం అడవి మీద ప్రేమతో మొదలైందని రాస్తే చాలా బాగుంటుంది కానీ, అది అబద్ధం. కుళ్ళుతో మొదలైంది. ఖమ్మంలో మొక్కల పిచ్చి ఉన్నవాళ్ళం కొంతమందిమి కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మా చుట్టుపక్కల అడవి మొక్కల మీద ఒక చిన్న బొమ్మల పుస్తకం వేద్దామనుకున్నాం. ఒక్కో మొక్కల కుటుంబానికి ఒక్కో పేజీ, ఒక్కో పేజీ ఒక్కొక్కరిది. పంపకం చేసింది మా రాజయ్య సార్, రిటైరైన సైన్సు మాస్టారు. నాకు గడ్డి కుటుంబం వచ్చింది. నేను నోరు తెరిచి అడిగిన వయొలెట్ కుటుంబం మాత్రం ఆవిడకు వెళ్ళింది.

ఆవిడ పేరు ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. ఆ పేరు కూడా పువ్వు పేరే, అదొకటి. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద ఖమ్మం వచ్చిన బ్యాంకు ఆఫీసరు. మొక్కల జోలికి వచ్చి నిండా రెండేళ్ళు కాలేదు. నేను జూనియర్ కాలేజీలో పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పీ చెప్పీ గొంతు అరగదీసుకున్నదాన్ని. అయినా ఇప్పుడు గ్రూపులో ఎవరైనా ఓ ఆకు బొమ్మ పెట్టి ఇదేమిటని అడిగితే ఆవిడ పేరే పెట్టి అడుగుతున్నారు. ఆవిడ ఫొటోలు బాగుంటాయి. రాత ఇంకా బాగుంటుంది. ఈ రెండు వాక్యాలూ రాయడానికి నాకెంత కష్టమైందో నాకే తెలుసు.

వయొలెట్ కుటుంబం అనగానే చాలామందికి చలిప్రదేశాల్లో కుండీల్లో పూసే ఊదాపూలు గుర్తొస్తాయి. మన వేడి అడవుల్లోనూ ఆ కుటుంబం వాళ్ళున్నారు. అందరికంటే తేలిగ్గా కనిపించేది రత్నపురుష. మోకాలి ఎత్తు కూడా ఉండదు, సన్నటి ఆకులు. పువ్వుకు అయిదు రేకులున్నా నాలుగు వెనకాల నక్కి ఉంటాయి, ఒక్కటి మాత్రం గులాబీ కలిసిన ఊదారంగులో చిన్న పారలాగా ముందుకు వేలాడుతుంది. ఆ ఒక్క రేకు చూస్తే చాలు, మొక్కను ఇట్టే పట్టేయొచ్చు. చిక్కంతా పువ్వు లేనప్పుడే.

ఆవిడ సెప్టెంబరులో భద్రాచలం అవతల తీసిన ఒక ఫొటో పెట్టింది. అందులో పువ్వు లేదు. సన్నటి ఆకులు, వాటి మొదట్లో బుల్లి కాయలు. కింద పెద్ద రాత. ఇది వయొలెట్ కుటుంబమేనట, కానీ రత్నపురుష కాదట, దానికి దగ్గరి చుట్టమట. అక్కడివాళ్ళు దీన్ని ‘గాదె చెట్టు’ అంటారట. కాయ నిండా గింజలు, ధాన్యం నింపిన గాదెలాగే ఉంది చూడండి, పంట ఇంటికి చేర్చుకునే మనిషి మాత్రమే మొక్కకు ఇలాంటి పేరు పెట్టగలడు అని ముగించింది. గ్రూపు ఊగిపోయింది. రాజయ్య సార్ ‘అద్భుతం’ అని రాశారు. నా గడ్డి పేజీకి ఆయన ‘చూశాను’ అని రాశారు. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఫొటోను పెద్దది చేసి చేసి చూశాను. నాకు వేరే అనుమానం వచ్చింది. పోలిగాలా అని ఇంకో చిన్న మొక్క ఉంది. అదే ఎత్తు, అలాంటి సన్నటి ఆకులే. పువ్వు లేకపోతే అలవాటున్నవాళ్ళు కూడా పొరబడతారు. దానికీ వయొలెట్లకూ ఏ సంబంధమూ లేదు. తేడా తెలుసుకోవాలంటే మొక్కను చేత్తో పట్టుకొని రెండు చోట్ల చూడాలి. ఆకు కాండానికి అతుక్కునే చోట వెంట్రుకలంత సన్నటి తోకల్లాంటివి రెండు ఉంటే రత్నపురుష వైపు, ఏమీ లేకపోతే పోలిగాలా వైపు. ఇక కాయ. రత్నపురుష కాయ పగిలితే మూడు చిప్పలవుతుంది. పోలిగాలా కాయ బల్లపరుపుగా, రెండే గదులతో ఉంటుంది. ఆవిడ ఫొటోలో ఈ రెండూ సరిగ్గా కనపడటం లేదు. రాజయ్య సార్‌కు ఒక్కరికే ఫోన్ చేసి, “సార్, అది అసలు వయొలెటే కాదేమో” అన్నాను. “ఆదివారం సాయంత్రంలోగా తేల్చమ్మా, సోమవారం ప్రెస్సుకు వెళ్తుంది. నువ్వు చెప్పిందే నిజమైతే ఆ పేజీ నువ్వే రాద్దువుగాని” అన్నారు. ఆ మాట నా నెత్తిన పాలు పోసినట్టయింది.

ఆదివారం పొద్దున అయిదున్నర ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా భద్రాచలానికి మూడు గంటల పైచిలుకు పడుతుంది. తెలంగాణ ఆధార్ కార్డు ఉన్న ఆడవాళ్ళకు ఎక్స్‌ప్రెస్‌లో కూడా జీరో టికెట్టే, అంటే ఉచితమే, కార్డు మాత్రం మర్చిపోకండి. ఎడమవైపు కిటికీ పట్టుకుంటే కొత్తగూడెం దాటాక టేకు చెట్లు పూత మీద కనిపిస్తాయి. నేను కిటికీ పట్టుకున్నాను గానీ ఒక్క చెట్టునూ సరిగ్గా చూడలేదు. అది పోలిగాలా అని తేలితే గ్రూపులో ఏ మాటలతో పెట్టాలా అని దారి పొడుగునా కూర్చుకుంటూనే ఉన్నాను. సారపాక దాటి వంతెన మీదకు వచ్చేసరికి గోదావరి మట్టిరంగులో ఒడ్లు ఒరుసుకుంటూ పోతోంది. వరద తీసి ఎన్నాళ్ళో కాలేదు, కరకట్ట రాళ్ళ మీద బురద చార ఇంకా ఆరలేదు.

బస్టాండు పక్కన ఓ ప్లేటు పూరీ తిని దుమ్ముగూడెం రోడ్డుకు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు ఖాసీం భాయ్, భద్రాచలంలోనే పుట్టి పెరిగిన మనిషి.

“పర్ణశాలకేనా మేడం?” అన్నాడు.

“కాదు భాయ్, ఓ మొక్క చూడాలి.” ఊరు చెప్పాను.

“ఒక్క మొక్కకోసం గింత దూరమా? ఖమ్మంల మొక్కలు మొలుస్తలేవా?” అని నవ్వి, అంతలోనే, “అరె, మొన్న గా బ్యాంకు మేడం గూడ గీ మొక్కకే వచ్చింది. నా ఆటోలనే! మా అమ్మీకి బ్యాంకు ఖాతా ఎట్ల తెరవాల్నో దారి పొడుగూత చెప్పింది. బహుత్ అచ్ఛీ మేడం. మీ దోస్తా?”

“తెలుసు” అన్నాను.

“ఆమె రాలేదా మరి?”

రాలేదని చెప్పి కిరాయి అడిగాను. పోనూ రానూ, మధ్యలో ఆగడానికీ కలిపి ఎనిమిది వందలన్నాడు. ఆవిడ ఎంత ఇచ్చిందని అడిగాను. ఎనిమిది వందలే ఇచ్చిందట, బేరం కూడా ఆడలేదట. నేను పట్టుబట్టి ఏడు వందల యాభైకి తెచ్చాను. దీనికి కూడా లోపల చంకలు గుద్దుకున్నానంటే నా పరిస్థితి మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఊరి పేరు రాయడం లేదు. రాస్తే జనం వచ్చి వేళ్ళతో సహా పీక్కుపోతారు. రోడ్డు నుంచి లోపలికి ఓ మట్టి బాట, రెండు పక్కలా పత్తి చేలు, చేల వెనకాల అడవి మొదలు. మొక్కలు అడవి లోపల కాదు, చేను గట్ల మీదే ఉన్నాయి, కాబట్టి అనుమతుల బాధ లేదు. లచ్చమ్మ అనే ఆమె మందుకు తవ్వుతూ చూపించిందని ఆవిడ తన రాతలో చెప్పింది. లచ్చమ్మ ఇంటి ముందు కూర్చుని బోడకాకరకాయలు ఏరుతోంది. యాభై దాటి ఉంటాయి, గట్టి మనిషి. నేను ఎవరో చెప్పుకున్నాను.

“గా బ్యాంకు మేడం రాలేదా?” అంది వెంటనే.

“లేదక్కా, నేనొక్కదాన్నే వచ్చిన.”

“అయ్యో” అంది. ఆ అయ్యోలో దాపరికం ఏమీ లేదు.

“ఆమెకు చూపించిన గాదె చెట్టు నాకు కూడా చూపిస్తవా?”

లచ్చమ్మ నా ముఖం కేసి వింతగా చూసింది. “గాదెనా? గాదె ఇంటెనక ఉన్నది. ఏం జేస్తవ్ దాంతోని?” అని లేచి ఇంటి వెనక్కి తీసుకుపోయింది. అక్కడ నిజంగానే గాదె ఉంది. వెదురు బద్దలతో అల్లి పేడ అలికింది, ఓ పక్కకు ఒరిగి ఉంది. “వడ్లు పోస్తలేం ఇప్పుడు. ఎలుకలున్నయ్ అండ్ల. కావాల్నంటే మూత దియ్యాల్నా?”

“ఇది కాదక్కా. చెట్టు. మందుకు తవ్వుతరు చూడు, చిన్న చెట్టు. ఆ మేడం ఫొటో తీసుకుంది.”

“ఓ, గదా! గట్ల చెప్పరాదు మరి. నేను గూడ ఇయ్యాల తవ్వాల్నే, మా ఆయనకు నడుము పట్టింది” అని చిన్న గునపం అందుకుంది.

చేను గట్టు మీద, తుమ్మ పొద నీడన కూర్చుంది. అక్కడ నాలుగైదు మొక్కలున్నాయి. లచ్చమ్మ ఒక మొక్క చుట్టూ మట్టి వదులు చేయడం మొదలుపెట్టింది. ఆగలేక అడిగాను.

“ఇదేనా అక్కా? దీన్ని ఏమంటరు మీరు?”

ఆమె తల ఎత్తకుండా గడ్డంతో మొక్కను చూపించి, “గదే” అంది.

“గదే అంటే? పేరేంది?”

“గదే అంటున్నగద! గదే చెట్టు. ఊకో జరసేపు.”

అప్పుడు వెలిగింది నాకు. మాది తిరుమలాయపాలెం వైపు. మా ఇంట్లో ‘గదే’ అనకుండా ఒక్క పూట గడవదు. ఉప్పు డబ్బా గదే, కావలసిన బస్సు గదే, పెళ్ళిచూపులకు వచ్చిన పిల్లగాడు కూడా గదే. అదే అనే మాటకు మా దిక్కు మాట. గాదె కాదు, గదే! గుంటూరు చెవికి అది గాదె అని వినపడింది. దాని మీద ఆవిడ ధాన్యం నింపింది, పంట ఇంటికి చేర్చింది, గ్రూపునంతా ఊపేసింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

వేరు తెగకుండా బయటికి వచ్చింది. లచ్చమ్మ మట్టి దులిపి, మొక్కను పిడికిట్లో పట్టుకొని, “ఆ, ఇప్పుడడుగు” అంది.

“పేరేంది?”

“రత్నపురుష. ఇంకేముంటది?”

“మరి ఇందాక ఎందుకు చెప్పలేదు?”

“తవ్వేటప్పుడు పేరు దియ్యద్దు. పేరు దీస్తే మందు పనిచెయ్యదని మా అత్త చెప్పేది. ఏరు చేతిల పడ్డంక అనొచ్చు. మా ఇంట్ల గట్లనే జేస్తం.”

“ఆ మేడంకు కూడా ఇట్లనే చెప్పినవా?”

“ఆమె మంచిదేగని నోరాగదు. నేను తవ్వుతుంటె ఊకె పేరేంది, పేరేంది అని పానం దీసింది. గదే, గదే అన్న. తవ్వినంక చెప్దామంటే అడగనేలేదు. అప్పటికే ఫోన్ల రాసుకుంట కూసున్నది.”

పండగ చేసుకోవాల్సిన మాటలు. చేసుకున్నాను కూడా, సరిగ్గా ఆ మొక్కను చేతిలోకి తీసుకునేంతవరకు. ఆకు మొదట్లో గోటితో పక్కకు జరిపి చూశాను. వెంట్రుకలంత తోకలు రెండు. ఒక్కదానికే అయి ఉంటుందని ఇంకో ఆకు చూశాను. అక్కడా ఉన్నాయి. ఎండిన కాయ ఒకటి తీసి అరచేతిలో పెట్టి నొక్కాను. రెండు కా, రెండు కా, దేవుడా రెండు కా అనుకుంటూనే నొక్కాను. మూడు. చక్కగా, పడవల్లాగా మూడు చిప్పలు విచ్చుకొని, లేతరంగు గింజలు నా చేతిలో దొర్లాయి. పొద వెనకాల నీడలో ఒకే ఒక్క పువ్వు ఇంకా వాడకుండా ఉంది, ఊదారంగు పార కిందికి వేలాడేసుకొని. ఆవిడ వచ్చింది మధ్యాహ్నం మూడింటికట, అప్పటికి పూలు వాడి రాలిపోయి ఉంటాయి.

అంటే లెక్క ఇదీ. ఇది ఆవిడ చెప్పిన కొత్త చుట్టం కాదు, మామూలు రత్నపురుషే. అక్కడ ఆవిడ పప్పులో కాలేసింది. కానీ వయొలెట్ కుటుంబమేనని పువ్వు చూడకుండానే చెప్పింది, అది ఒప్పు. ఇన్నేళ్ళ చదువుతో నేను చెప్పిన పోలిగాలా శుద్ధ తప్పు. రెండేళ్ళ మనిషి కుటుంబాన్ని పట్టుకుంది, నేను పట్టుకోలేదు. నిజం చెప్తున్నాను, ఆ మూడో చిప్పను చూసి నాకు ఏడుపొచ్చింది.

లచ్చమ్మ తినకుండా పోనివ్వనంది. కూర్చుని బోడకాకరకాయలు తరగబోతే, “గంత లావుగ గాదమ్మా. గా మేడం మంచిగ సన్నగ తరిగింది” అని నా చేతిలోంచి కత్తిపీట లాక్కుంది. ఖాసీం భాయ్ గట్టిగా నవ్వాడు. కూర చాలా బాగుంది. ఆవిడ కూడా బాగుందనే అందట, రెండుసార్లు వడ్డించుకుందట. నేను మూడోసారి అడిగి వేయించుకున్నాను.

మూడు కాకముందే భద్రాచలం తిరిగొచ్చి, నది ఒడ్డున మెట్ల మీద కూర్చున్నాను. ఆవిడకు ఫోన్ చేసి విడిగా చెప్పొచ్చు. మర్యాద అదే. చేయలేదు. గ్రూపులోనే, అందరి ముందూ పెట్టాను. పువ్వు ఫొటో, మూడు చిప్పల ఫొటో, లచ్చమ్మ ఇంటి వెనకాల ఒరిగిన గాదె ఫొటో కూడా. ఇది రత్నపురుషే, గాదె చెట్టు అనే చెట్టు లోకంలో లేదు, గదే అంటే మా భాషలో ‘అదే’ అని వివరంగా రాశాను. పోలిగాలా ఊసు మాత్రం ఎత్తలేదు.

వెంటనే ఆవిడ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. మొదట మాటల్లేవు, నవ్వే. పొట్ట పట్టుకొని నవ్వుతున్న నవ్వు. “అయ్యబాబోయ్, విజయగారూ! గాదె కాదు, గదేనా! ఎంత చక్కటి వ్యాసం రాశానండీ, లేని చెట్టు మీద! రాజయ్య సార్, ఆ పేజీ విజయగారికే ఇచ్చేయండి, అది ఆవిడదే. ఒక్క మాట, నా గాదె కథ కూడా అందులో వేయండి. నాలాంటివాళ్ళు ఇంకొకరు పడకుండా ఉంటారు” అంది. ఇక చూడాలి గ్రూపును. ఎంత పెద్ద మనసు, ఎంత నిజాయితీ, మీరు రాస్తే తప్పు కూడా అందమే! గోదావరి కంటే జోరుగా వచ్చాయి మెచ్చుకోళ్ళు, అన్నీ ఆవిడకే. నాకు సార్ ఒక్కరే, “పేజీ నీదేనమ్మా” అని రాశారు. గెలిచింది నేను, చప్పట్లు ఆవిడకి. ఓడిపోవడంలో కూడా నాకంటే ముందే ఉంది మనిషి.

తిరుగు బస్సు పాల్వంచ దాటుతుండగా ఆవిడే ఫోన్ చేసింది. పువ్వు ఏ వేళకు చూశానో, కాయ ఎలా పగిలిందో చిన్నపిల్లలా అడిగింది. చివర్లో, “అవునూ, వెళ్ళేముందు మీరేమనుకున్నారండీ అది?” అంది.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. “పోలిగాలా అనుకున్నా” అన్నాను.

“ఆ సంగతి గ్రూపులో పెట్టలేదేం?” అని నవ్వింది. “సరే, నాకొక్కదానికే చెప్పారన్నమాట. నేనెవరికీ చెప్పనులెండి.”

ఇప్పటిదాకా చెప్పలేదు కూడా. చెప్పి ఉంటే నేను హాయిగా ఇంకో ఏడాది కుళ్ళుకునేదాన్ని. చెప్పకపోయేసరికి ఏం చేయాలో తోచక నేనే ఇక్కడ రాసేస్తున్నాను. పేజీలో మొక్క గుర్తులన్నీ ఆ రాత్రే నేను రాశాను. గదే చెట్టు కథ రాయబోతే మూడుసార్లు చెడిపోయింది, అది ఆవిడ చేత్తో రాస్తేనే బాగుంటుంది. అడిగాను, రాసిచ్చింది. చదివితే మళ్ళీ కడుపు మండింది, అంత బాగుంది. పేజీ కింద ఇద్దరి పేర్లూ ఉంటాయని సార్‌కు నేనే చెప్పాను.

మీరూ అటు వెళ్తే ఒక్క జాగ్రత్త. పదకొండు లోపల చేరండి, అప్పుడే పువ్వు ఉంటుంది. తవ్వే మనిషి పక్కన నోరు మూసుకొని కూర్చోండి. పేరు అడగడం వేరు చేతికి వచ్చాకే. నాకు కావలసింది నా చేతికి వచ్చింది కాబట్టి నేనూ ఇప్పుడు పేరు తీయొచ్చు. ఆవిడ పేరు మాలతి.